స్మార్ట్ క్యూబు: వేళ్ళ వేగమా, కళ్ళ వేగమా?

ఫోనుతో బ్లూటూత్ ద్వారా మాట్లాడే రూబిక్స్ క్యూబులు 2018 ప్రాంతంలో బజార్లోకి వచ్చాయి. ముందు గీకర్, గోక్యూబ్, తర్వాత గాన్, మోయూ వాళ్ళవి. ఇప్పుడు మన సాఫ్ట్‌వేర్ జనాల డెస్కుల మీదా, వాళ్ళ పిల్లల స్కూలు బ్యాగుల్లోనూ బాగానే కనిపిస్తున్నాయి. "ఇది కొంటే నా టైమ్ తగ్గుతుందా?" అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. తగ్గుతుంది, కానీ యాప్ మీకు పెద్దపెద్ద అక్షరాల్లో చూపించే అంకెని పక్కన పెట్టగలిగితేనే.

ముందే చెప్తున్నా, నేను పోటీల్లో గెలిచే బాపతు కాదు. వారాంతాల్లో కాఫీ పక్కన పెట్టుకుని తిప్పుకునే రకం. అయితే పొట్టకూటి కోసం చేసేది మాత్రం పెర్ఫార్మెన్స్ ట్యూనింగ్. ఎక్కడ టైమ్ పోతోందో తెలుసుకోకుండా కోడ్ మీద చెయ్యి వెయ్యకూడదని రోజూ పదిమందికి చెప్పే ఉద్యోగం. ఆ కళ్ళతో చూస్తే స్మార్ట్ క్యూబు నాకు ఆటబొమ్మలాగా కాదు, ఒక ప్రొఫైలర్‌లాగా కనిపిస్తుంది. మంచి ప్రొఫైలరే. చిక్కల్లా ఏంటంటే దాన్ని చాలామంది స్కోర్‌బోర్డులాగా వాడుతున్నారు.

అసలు ఇది ఎలా పని చేస్తుందో చూద్దాం. చాలామంది అనుకుంటున్నట్టు ఈ క్యూబుకి రంగులు కనపడవు. ఆరు ముఖాల మధ్య ముక్కలూ లోపలున్న గుండెకాయ లాంటి భాగానికి బిగించి ఉంటాయి కదా, ఏ మధ్య ముక్క ఎటు ఎంత తిరిగిందో అక్కడి సెన్సర్లు పసిగడతాయి. అంతే. మొదట్లో క్యూబు కలిసి ఉందని మనం ఒకసారి చెప్తే, అక్కణ్ణించి వచ్చిన మూవ్‌లన్నీ లెక్కేసుకుని ఇప్పుడు ఏ ముక్క ఎక్కడుందో తేలుస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఈవెంట్ సోర్సింగ్ అన్నమాట. మొదటి స్థితి, దాని మీద లాగ్. అందుకే ఒక మూల ముక్క చేతిలో మెలి తిరిగినా, కింద పడి ముక్కలూడితే మనం తప్పుగా బిగించినా, యాప్ ఒకటి చూపిస్తుంది, చేతిలో ఇంకోటి ఉంటుంది. కలిపేసి రీసెట్ కొట్టాలి. క్యూబు మొత్తాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పితే ఏ మధ్య ముక్కా కదలదు కాబట్టి, జైరోస్కోప్ లేని క్యూబులకి ఆ సంగతి అసలు తెలియనే తెలియదు.

అంటే ఈ యంత్రం మనకిచ్చేది టైమ్‌స్టాంపులతో కూడిన ఒక లాగ్ ఫైలు. ఇది చిన్న విషయమేమీ కాదు. 2018 నవంబరులో చైనా కుర్రాడు యుషెంగ్ డు 3.47 సెకన్లలో క్యూబు కలిపి ప్రపంచ రికార్డు కొట్టినప్పుడు దానికి సరైన వీడియోనే లేదు, ఉన్నది సెక్యూరిటీ కెమెరా దృశ్యం. ఏయే మూవ్‌లు వేశాడో అభిమానులు కూర్చుని బయటికి తీస్తే మొత్తం 27 అని తేలింది. అలాంటి పునర్నిర్మాణం ఇప్పుడు మీరూ నేనూ చేసే ప్రతి సాల్వుకీ వేలు కదపకుండా వచ్చేస్తోంది. మరి దాన్ని ఏం చేసుకుంటున్నాం?

చాలా యాప్‌లు దాన్నంతా మరిగించి రెండు అంకెలు చేస్తాయి. ఒకటి మొత్తం సమయం, రెండోది టీపీఎస్, అంటే సెకనుకి ఎన్ని మూవ్‌లు. ఈ రెండో అంకె దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది.

ఒక లెక్క చూడండి. మీకు 40 సెకన్లు పడుతోంది, మొత్తం 64 మూవ్‌లు వేశారు అనుకుందాం. యాప్ 64ని 40తో భాగించి మీ టీపీఎస్ 1.6 అంటుంది. అది చూడగానే ఎవరికైనా ఏమనిపిస్తుంది? నా వేళ్ళు నెమ్మది, ఇంకా గబగబా తిప్పాలి అని. కానీ లాగ్ తెరిచి చూస్తే మూవ్‌లు పడుతున్నప్పుడు సెకనుకి నాలుగు చొప్పున పడుతున్నాయనుకోండి. అప్పుడు 64 మూవ్‌లకి పట్టింది 16 సెకన్లే. మిగతా 24 సెకన్లూ క్యూబు చేతిలో కదలకుండా ఉంది. మీ వేళ్ళు నెమ్మది కాదు మహాప్రభో, అవి ఖాళీగా కూర్చున్నాయి! ఏ ముక్క ఎక్కడుందా అని మీ కళ్ళు వెతుక్కుంటున్నాయి.

ఇప్పుడు 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన సూత్రాన్ని గుర్తు చేసుకోండి. మనందరం కాలేజీలో బట్టీ పట్టిందే. నానా తంటాలూ పడి వేళ్ళ వేగాన్ని రెట్టింపు చేశారనుకోండి, 16 కాస్తా 8 అవుతుంది, మొత్తం 32 సెకన్లు. అదే వేళ్ళని ముట్టుకోకుండా ఆగడాలని సగానికి తగ్గిస్తే 24 కాస్తా 12 అవుతుంది, మొత్తం 28. పైగా వేళ్ళ వేగం పెరిగేకొద్దీ కళ్ళు ఇంకా వెనకబడతాయి కాబట్టి ఆ 32 కూడా కాగితం మీద లెక్కే. సర్వర్ మొత్తం డిస్కు కోసం ఎదురు చూస్తుంటే ప్రాసెసర్ మార్చమని ఎవరైనా సలహా ఇస్తే మీటింగులో నవ్వుతాం. క్యూబు దగ్గరికొచ్చేసరికి మనమే ఆ సలహా తీసుకుని, యూట్యూబ్‌లో వేళ్ళ విన్యాసాల వీడియోలు చూస్తూ కూర్చుంటాం.

స్పీడ్‌సాల్వింగులో ఎక్కువమంది వాడే సీఎఫ్ఓపీ పద్ధతి తీసుకోండి. కింద క్రాస్, తర్వాత మొదటి రెండు పొరలు, అంటే ఎఫ్2ఎల్, తర్వాత పై పొర రంగు సరి చేసే ఓఎల్ఎల్, చివరికి ముక్కల్ని చోటు మార్చే పీఎల్ఎల్. దీన్ని జనంలోకి తీసుకెళ్ళినవాళ్ళలో ముఖ్యురాలు అమెరికాలోని బింగ్‌హామ్టన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జెస్సికా ఫ్రిడ్రిక్. 1990ల్లోనే తన పద్ధతిని వెబ్‌లో అందరికీ పెట్టేసింది. ఓఎల్ఎల్‌లో 57 కేసులు, పీఎల్ఎల్‌లో 21. మొత్తం 78 ఆల్గరిథమ్‌లు. వీటిని రెండేసి అంచెల్లో చేసుకుంటే 10, 6 కలిపి 16తో పని గడిచిపోతుంది.

ఎంసెట్ బిట్ బ్యాంకుల మధ్య పెరిగిన ప్రాణాలం కదా, 78 అనగానే మనకి హుషారొస్తుంది. బట్టీ కొట్టేద్దాం, అయిపోతుంది! యాప్‌లు కూడా ఈ కోరికకి బాగా ఎరువేస్తాయి, ఒక్కో ఆల్గరిథమ్‌కీ ఒక్కో నక్షత్రం ఇస్తూ. కానీ ఇందాకటి 40 సెకన్ల సాల్వునే విడగొట్టి చూడండి. క్రాస్‌కి 5, ఎఫ్2ఎల్‌కి 21, పై పొరకి 14 అనుకుందాం. ఎఫ్2ఎల్‌లో 30 మూవ్‌లు ఉంటే వేళ్ళు కదిలింది ఏడున్నర సెకన్లు, ఆగింది పదమూడున్నర. మొత్తం సాల్వులో వృథా అయినదాంట్లో సగానికి పైగా ఆ ఒక్క చోటే ఉంది. అక్కడ బట్టీ పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక మూల ముక్కనీ దాని జత అంచు ముక్కనీ పట్టుకుని గూట్లో పెడుతున్నప్పుడే కళ్ళు తర్వాతి జతని వెతకాలి. క్యూబర్లు దీన్ని లుక్ అహెడ్ అంటారు. మనం ప్రీఫెచ్ అనొచ్చు. అది లేకపోతే జత జతకీ పైప్‌లైన్ ఆగిపోతుంది.

దీనికి తెలిసిన మందు ఒకటే, అదీ చేదు మందు. నెమ్మదిగా తిప్పడం. మీకు చేతనైన వేగంలో సగానికి దిగి, మధ్యలో ఎక్కడా ఆగకుండా తిప్పడం. మెట్రోనోమ్ పెట్టుకుని టిక్కుకొక మూవ్ వేసేవాళ్ళున్నారు. చేతులు తాపీగా పోతుంటే కళ్ళకి ముందుకి చూసే తీరిక దొరుకుతుంది. అలవాటయ్యాక వేగం దానంతటదే పెరుగుతుంది.

ఇప్పుడు అసలు తిరకాసు. ఇలా నెమ్మదిగా సాధన చేసే రోజుల్లో మీ టీపీఎస్ పడిపోతుంది. టైమ్ పెరుగుతుంది. యాప్‌లో గ్రాఫు కిందకి జారుతుంది, లీడర్‌బోర్డులో మీ పేరు అడుక్కి పోతుంది. అంటే మీకు అన్నిటికన్నా మేలు చేసే సాధన, యాప్ దృష్టిలో మీరు దిగజారిపోయిన వారం! రెండు రోజులు చూసి మూడో రోజు ఎవరైనా మళ్ళీ గబగబా తిప్పడం మొదలెడతారు. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు మీద ఒక సూత్రం ఉంది. కొలిచే అంకె మీదే గురి పెడితే ఇక ఆ అంకె దేన్నీ సరిగ్గా కొలవదని దాని సారాంశం. మనకి దీని గురించి వేరే చెప్పాలా? మూసిన టిక్కెట్ల లెక్కతో రేటింగిస్తే టిక్కెట్లు ఎలా ముక్కలు ముక్కలుగా పుట్టుకొస్తాయో చూసినవాళ్ళమే. ఆఫీసులో ఎలాగూ తప్పదు. కనీసం ఆటలోనైనా మన అప్రైజల్ మనమే రాసుకోవద్దూ?

యాప్‌లు సంబరం చేసే ఇంకో అంకె పర్సనల్ బెస్ట్. ఆఖరి అంచె పీఎల్ఎల్ అవసరమే లేకుండా దానంతటదే కలిసిపోయే అవకాశం 72లో 1. రోజూ పాతిక సాల్వులు చేసేవాడికి మూడు రోజులకోసారి ఇలాంటి లాటరీ తగులుతుందన్నమాట. ఆ రోజు టపాకాయలు పేలతాయి, మీలో మాత్రం ఏ మార్పూ లేదు. 2004 నుంచి ఈ పోటీల్ని నడిపిస్తున్న వరల్డ్ క్యూబ్ అసోసియేషన్ ఈ విషయంలో తెలివైనది. ఒక్క సాల్వు రికార్డు ఉన్నా, మామూలు 3x3 ఫైనల్లో విజేతని తేల్చేది ఐదు సాల్వుల సగటు. అందులోనూ అన్నిటికన్నా మంచిదీ, అన్నిటికన్నా చెడ్డదీ తీసేసి మిగిలిన మూడింటి సగటు.

పోటీల మాటొచ్చింది కాబట్టి ఇంకో రెండు సంగతులు. హైదరాబాదులో కూడా ఈ పోటీలు జరుగుతుంటాయి, పిల్లల్ని తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది. ఒకటి, అధికారిక పోటీలో ఇలా ఎలక్ట్రానిక్స్ ఉన్న క్యూబు వాడనివ్వరు. రెండు, అక్కడ టైమర్ మీద రెండు చేతులూ పెట్టి, తీసి, క్యూబు అందుకుని, కలిపి, కింద పెట్టి, మళ్ళీ టైమర్ కొట్టాలి. స్మార్ట్ క్యూబు మొదటి మూవ్ దగ్గర మొదలెట్టి ఆఖరి మూవ్ దగ్గర ఆపేస్తుంది. కాబట్టి ఇంట్లో 20 వచ్చినవాడికి అక్కడ కాస్త ఎక్కువే వస్తుంది. పిల్లాడు బిక్కమొహం వేస్తే యాప్‌నీ పిల్లాణ్ణీ కూడా తిట్టకండి, ఆ రెండు గడియారాలూ ఒకటే కొలవట్లేదు. ముందు చూసుకోవడానికి ఇచ్చే 15 సెకన్ల నియమం కూడా ఇంట్లో మనమే పెట్టుకోవాలి. ఆ 15 సెకన్లలో క్రాస్ మొత్తం ఆలోచించుకుని కళ్ళు మూసుకుని వెయ్యడం చాలా మంచి సాధన. దానికి ఏ యాప్ అక్కర్లేదు.

పిల్లల దగ్గరికి వస్తే నా అభ్యంతరం ఇంకా గట్టిది. నేర్పే మోడ్ అని ఒకటుంటుంది. తెర మీద బాణం చూపిస్తుంది, పిల్లాడు ఆ ముఖం తిప్పుతాడు, ఇంకో బాణం వస్తుంది. అరగంటలో క్యూబు కలిసిపోతుంది, ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. ఫోను పక్కన పెట్టి తిప్పమంటే మొదటి పొర కూడా రాదు. బాణం చూసి తిప్పడానికీ, తెల్ల అంచు ముక్క ఎక్కడుందో తనే వెతుక్కోవడానికీ మధ్య హస్తిమశకాంతరం ఉంది. అరువు సొమ్ములు బరువు చేటు అని మన పెద్దవాళ్ళు ఊరికే అన్లేదు. 43 క్వింటిలియన్ల పైచిలుకు స్థితుల్లో ఏదైనా సరే 20 మూవ్‌లలో కలపొచ్చని 2010లో కంప్యూటర్లతో తేల్చేశారు, అదీ గూగుల్ ఇచ్చిన సుమారు 35 ప్రాసెసర్-ఏళ్ళ సమయంతో. కాబట్టి యంత్రానికి క్యూబు వచ్చా రాదా అన్నది తేలిపోయిన ప్రశ్న. ఇంక మిగిలింది మన బుజ్జిగాడికి వచ్చా అన్నదే. వాడు కూర్చుని, తప్పులు చేసి, విసుక్కుని, రెండు వారాల్లో నేర్చుకుంటే ఆ రెండు వారాలే మనం కొన్నది. వాటిని మిగిల్చిపెడతానని చెప్పే వస్తువుకి వేలకి వేలు పొయ్యడం నాకు అర్థం కాదు. వెయ్యి రూపాయల్లోపు మంచి మాగ్నెటిక్ క్యూబు వస్తుంది. చేతితో కలపడం వచ్చాక, వాడే అడిగితే, అప్పుడు స్మార్ట్ క్యూబు సంగతి ఆలోచించండి.

మరి ఇంత తిట్టినవాడివి నువ్వెందుకు వాడుతున్నావ్ అంటారా? లాగ్ కోసం. నా పద్ధతి చెప్తాను, నచ్చితే తీసుకోండి. ఆదివారం పొద్దున స్మార్ట్ క్యూబు మీద పన్నెండు సాల్వులు. టైములు చూడను. ఒక్కో సాల్వులో అన్నిటికన్నా పొడుగ్గా ఆగిన మూడు చోట్లు రాసుకుంటాను. పన్నెండింటిలోనూ మళ్ళీ మళ్ళీ వచ్చేది ఏదో ఒకటి కనపడుతుంది. క్రాస్ అయ్యాక మొదటి జత దొరక్కపోవడమో, వెనక గూట్లో ఉన్న ముక్క కనిపించకపోవడమో. సోమవారం నుంచి శనివారం దాకా మామూలు క్యూబు మీద, టైమర్ లేకుండా, ఆ ఒక్కదాని మీదే సాధన. వచ్చే ఆదివారం మళ్ళీ కొలత. కొలవడం వారానికి ఒకరోజు, నేర్చుకోవడం ఆరు రోజులు. ప్రొడక్షన్‌లో ప్రొఫైలర్‌ని ఇరవై నాలుగ్గంటలూ ఆన్ చేసి పెట్టుకోం కదా!

ఇందులో కూడా ఒక పరిమితి ఉంది. మీరు రెండు సెకన్లు ఆగారని క్యూబు చెప్తుంది. ఎందుకు ఆగారో చెప్పలేదు. ముక్క కనపడలేదా, కనపడ్డా ఆల్గరిథమ్ గుర్తు రాలేదా, లేక పొర ఇరుక్కుపోయిందా? అది మీకే తెలియాలి. సాల్వు అయిన వెంటనే చూసుకుంటే గుర్తుంటుంది, సాయంత్రం చూసుకుంటే ఉండదు. లాగ్ ఎంత బాగున్నా కోడ్ రాసినవాడు పక్కన లేకపోతే డీబగ్గింగ్ కష్టమే.

ఈ పనికి నేను వాడేది సీఎస్‌టైమర్. బ్రౌజర్లో నడిచే ఉచితమైన ఓపెన్ సోర్స్ టైమర్, చాలా రకాల స్మార్ట్ క్యూబులతో కలుస్తుంది. క్రాస్, ఎఫ్2ఎల్, ఓఎల్ఎల్, పీఎల్ఎల్ అని సాల్వుని తనే విడగొడుతుంది, ఒక్కో అంచెలో ఆలోచించిన సమయాన్నీ తిప్పిన సమయాన్నీ వేరుగా చూపిస్తుంది. నాకు కావలసింది సరిగ్గా అదే. వెబ్ బ్లూటూత్ కావాలి కాబట్టి క్రోమ్ లాంటి బ్రౌజర్లోనే పని చేస్తుంది, ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో కుదరదు. కొన్ని క్యూబులకి మ్యాక్ అడ్రస్ కూడా అడుగుతుంది. ఎందుకంటే క్యూబు పంపే సమాచారాన్ని కంపెనీ ఏఈఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, దాన్ని విప్పే తాళంలో ఆ అడ్రస్ ఒక భాగం. ఓపిగ్గా కూర్చుని ఇది ఛేదించి అందరికీ ఇచ్చిన ఓపెన్ సోర్స్ జనానికి దండాలు.

ఒక్కసారి ఆలోచించండి. బ్యాంకు లావాదేవీ కాదు, పాస్‌వర్డు కాదు, నేను కుడి ముఖాన్ని ఎప్పుడు తిప్పానన్న సంగతి! దానికి తాళం వేసి, ఆ తాళం నాకే ఇవ్వకపోవడం ఏం న్యాయం? కంపెనీకి బుద్ధి మారి యాప్ ఆపేసిన రోజున, బయట ఇంకే దారీ లేకపోతే, వేలు పోసి కొన్నది కాస్త బరువెక్కువున్న మామూలు క్యూబు అవుతుంది. ఫ్రిడ్రిక్ తన పద్ధతిని దాచుకుని ఉంటే ఈ ఆట ఇంత పెరిగేదా? 1982లో బుడాపెస్ట్‌లో జరిగిన మొదటి ప్రపంచ పోటీలో మిన్ థాయ్ 22.95 సెకన్లతో గెలిచాడు. 2023లో మాక్స్ పార్క్ 3.13 సెకన్లలో కలిపాడు. మధ్యలో క్యూబులు బాగుపడ్డాయి నిజమే, కానీ ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకోవడం కూడా అంతే పని చేసింది. కాబట్టి కొనే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. కంపెనీ యాప్ లేకుండా నా లాగ్ నాకు దొరుకుతుందా? దొరకదు అంటే ఎంత అందంగా ఉన్నా వద్దు.

సరదా సంగతి నేను కాదనను. హైదరాబాదులో అన్న, డల్లాస్‌లో తమ్ముడు ఒకే స్క్రాంబుల్‌తో పోటీ పడి అరుచుకోవచ్చు. అది మామూలు క్యూబుతో ఇంత తేలిగ్గా కుదరదు. అందుకోసమే కొంటానంటే శుభ్రంగా కొనుక్కోండి, ఆడుకోండి. సాధన కోసం కొంటున్నాననుకునేవాళ్ళకే ఇదంతా చెప్పడం. ఈ పెట్టె మీరు ఎంత గబగబా తిప్పుతారో చెప్పడానికి ఉబలాటపడుతుంది. మీరు దాన్ని అడగాల్సింది ఎక్కడ ఆగిపోతున్నారని.

మీలో ఎవరి దగ్గరైనా ఈ క్యూబు ఉంటే ఈ ఆదివారం పన్నెండు సాల్వులు చేసి, ఎక్కువసేపు ఎక్కడ ఆగారో కింద రాయండి. సగటు టీపీఎస్ మాత్రం దయచేసి వద్దు :-)